దిద్దిన పేపరు తిరిగిచ్చే చోట

2014 ఆగస్టులో నేను స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేయడానికి అమెరికాలోని మాడిసన్‌కు వెళ్లినప్పుడు, నా చదువు ఖర్చు ఎవరు భరిస్తారు, నాకు జీతం దేనికి ఇస్తారు అన్న విషయాల్లో నాకు తెలిసినదంతా ఆఫర్ లెటర్‌లోని ఒక్క పేరాలోనే ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నన్ను టీచింగ్ అసిస్టెంట్‌గా, అంటే అక్కడ అందరూ పిలిచే టీఏగా, సగం ఉద్యోగానికి తీసుకుంటోందనీ, వారానికి సగటున 20 గంటలు పని చేయాలనీ, అందుకు ప్రతిఫలంగా ట్యూషన్ ఫీజు మాఫీ, తొమ్మిది నెలల జీతం, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు ఉండే ఆరోగ్య బీమా దక్కుతాయనీ అందులో రాసి ఉంది. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లు తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు కనుక లెక్క అక్కడికి సరిపోయింది. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అమ్మ, "చదువుకోడానికి పంపిస్తే పాఠాలు చెప్పడమేంట్రా, అంత పెద్ద యూనివర్సిటీలో మేష్టర్లు లేరా?" అంది.

మేష్టర్లు ఉన్నారు. అయితే 1848లో, విస్కాన్సిన్ రాష్ట్రం ఏర్పడిన సంవత్సరమే మొదలైన ఆ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నేను చేరేనాటికి 43 వేల మంది విద్యార్థులున్నారు. ఇప్పుడా సంఖ్య 50 వేల దరిదాపుల్లో ఉంది. అంతమందిలో జీవశాస్త్రం, నర్సింగ్, వ్యవసాయం చదివే పిల్లల్లో చాలామందికి ప్రాథమిక స్టాటిస్టిక్స్ తప్పనిసరి. ప్రొఫెసర్ వారంలో కొన్నిసార్లు వందల మంది కూర్చునే హాల్లో పాఠం చెబుతారు. ఆ వందల మందినే ఇరవై, ఇరవై అయిదు మంది చొప్పున విడదీసి, ఒక్కో గుంపును వారానికోసారి ఒక చిన్న గదిలో ఒక టీఏకు అప్పగిస్తారు. దాన్ని డిస్కషన్ సెక్షన్ అంటారు. హాల్లో నోరెత్తని పిల్లవాడు ఆ గదిలో నోరు విప్పుతాడు. హోంవర్క్ దిద్దడం, పరీక్ష పేపర్లు దిద్దడం, ఆఫీస్ అవర్స్ పేరిట వారంలో నిర్ణీతమైన గంటల్లో సందేహాలు తీర్చడం కూడా టీఏ పనే. ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మొదటి రెండేళ్లు చదివే విద్యార్థి పేరుపెట్టి పలకరించగలిగే బోధకుడు చాలాసార్లు టీఏనే అవుతాడు.

అయితే ఆ గదిలో అడుగు పెట్టేముందు, ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లమంతా మౌఖిక పరీక్ష ఒకటి ఇవ్వాలి. మన ఉచ్చారణ అమెరికన్లలా ఉందా లేదా అని కాక, ఒక విషయాన్ని ఎదుటివాడికి అర్థమయ్యేలా విడమరచి చెప్పగలమా అని చూసే పరీక్ష అది. దాని తరువాత కొద్దిపాటి శిక్షణ ఉంటుంది. ఆ శిక్షణలో నాకు పనికొచ్చిన సలహా ఒక్కటే: ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఆగమన్నారు. మన దగ్గర మేష్టారు ప్రశ్న వేసి, తానే జవాబు చెప్పి, బోర్డు తుడిచేసే అలవాటులో పెరిగినవాళ్లకు ఆ పది సెకన్ల నిశ్శబ్దం భరించడం ఎంత కష్టమో అనుభవిస్తే గాని తెలియదు.

పాఠం చెప్పడం కొన్ని వారాల్లోనే అలవాటైంది. దిద్దడం అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. నేను అక్కడ నేర్చుకున్న దానిలో ముఖ్యమైనది అదే గనుక దాని గురించే కొంచెం వివరంగా రాస్తాను.

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఏటా పదో తరగతి పరీక్షలు ముగిశాక స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేవారు. వేరే జిల్లాల నుంచి వచ్చిన జవాబు పత్రాలకు పేరూ ఊరూ తెలియకుండా కోడ్ వేసి ఉండేది. ఏ ప్రశ్నకు ఏ మెట్టుకు ఎన్ని మార్కులో ముందే నిర్ణయించిన కాగితం ఉండేది. దిద్దిన కట్టలో నుంచి కొన్నిటిని చీఫ్ ఎగ్జామినర్ తీసి మళ్లీ చూసేవారు. "పేరు కనబడితే చెయ్యి మనమాట వినదురా" అని నాన్న అనేవారు. దిద్దేవాడికీ రాసినవాడికీ మధ్య గోడ ఉండటమే న్యాయానికి పునాది అన్న నమ్మకంతో నేను పెరిగాను. మన దేశంలో ఈ గోడకు పాత చరిత్రే ఉంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో స్థాపించినప్పుడు, పాఠం చెప్పడం కళాశాలల పనీ, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయం పనీ అయ్యాయి. పాఠం చెప్పినవారొకరు, ప్రశ్నపత్రం కూర్చినవారొకరు, దిద్దినవారు మరొకరు. నేను డిగ్రీలో రాసిన ఏ సంవత్సరాంత పరీక్ష జవాబు పత్రాన్నీ మళ్లీ కళ్లతో చూడలేదు, చూడవచ్చునని కూడా నాకు తోచలేదు. దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు చెప్పినది 2011 ఆగస్టులో, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది.

మాడిసన్‌లో మొదటి మిడ్‌టర్మ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, పేపర్ల కట్ట నా ముందు పెట్టినప్పుడు ప్రతి పేపరు మీదా పేరుంది. ఆ పేర్లలో కొన్ని నా గదిలో నా ఎదుట కూర్చునే పిల్లలవి. వారం తిరిగేసరికి ఆ పేపర్లను నా చేతుల మీదుగానే వాళ్లకు తిరిగివ్వాలి, వాళ్లు ఏది అడిగినా జవాబు చెప్పాలి.

అందుకే అక్కడ దిద్దడం ఒక్కరు చేసే పని కాదు. ఆ కోర్సు టీఏలమంతా ఒక గదిలో కూర్చునేవాళ్లం. ఒక్కో టీఏ తన సెక్షన్ పేపర్లన్నీ దిద్దడానికి బదులు, ఒక ప్రశ్నను తీసుకుని కోర్సులోని విద్యార్థులందరి పేపర్లలోనూ ఆ ప్రశ్నే దిద్దాలి. దానివల్ల చెయ్యి బిగువుగా ఉన్న టీఏ పాలబడిన సెక్షన్ నష్టపోవడమన్నది ఉండదు. దిద్దేముందు అందరం అవే కొన్ని పేపర్లను విడివిడిగా దిద్ది, మార్కులు పోల్చి చూసుకునేవాళ్లం. ఆ మొదటి పోలికలోనే తెలిసింది, లెక్కకు మార్కులు వేయడం తేలిక గాని వాక్యానికి మార్కులు వేయడం ఎంత కష్టమో.

ఉదాహరణకు ఒక ప్రశ్నలో పి-విలువ 0.03 వచ్చిందని చెప్పి, దాని అర్థం ఒక వాక్యంలో రాయమన్నాం. శూన్య పరికల్పన, అంటే అసలు తేడా ఏమీ లేదన్న ఊహ, నిజమే అనుకుంటే, ఇంతటి లేదా ఇంతకన్నా పెద్ద తేడా కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం 3 శాతం అన్నది సరైన జవాబు. సగం మంది, శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 3 శాతం అని రాశారు. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి గాని రెండో వాక్యం తప్పు. వానపడితే నేల తడుస్తుందన్న మాటకూ, నేల తడిగా ఉంటే వాన పడినట్టేనన్న మాటకూ ఉన్నంత తేడా వాటి మధ్య ఉంది. ఆరు మార్కుల ఆ ప్రశ్నకు ఈ తప్పు జవాబు రాసిన ఒకే పేపరుకు మాలో ఒకరు రెండు మార్కులు వేస్తే, మరొకరు అయిదు వేశారు. ఆ తేడా తెగేసరికి గంట దాటింది. తెగిన ప్రతి సంగతినీ రూబ్రిక్ అని పిలిచే పట్టికలోకి ఎక్కించాం: దిశ తప్పితే ఎంత తగ్గించాలి, "నిరూపితమైంది" అని రాస్తే ఎంత తగ్గించాలి, మాట తడబడినా పక్కన గీసిన వంపు రేఖలో సరైన భాగాన్ని గుర్తిస్తే ఎంత ఇవ్వాలి. మొదట్లో కాగితాల మీదే ఎర్ర పెన్నుతో దిద్దేవాళ్లం. తరువాత పేపర్లను కంప్యూటర్‌లో దిద్దే గ్రేడ్‌స్కోప్ లాంటి సాధనం వచ్చాక, పట్టికలో ఒక చోట అంకె మారిస్తే అలాగే రాసిన పేపర్లన్నిటిలోనూ మార్కులు వాటంతటవే మారేవి.

పేపర్లు తిరిగిచ్చిన మరునాడు ఆఫీస్ అవర్స్ గది నిండిపోయేది. వచ్చేవాళ్లలో రెండు రకాలుంటారు. ఎక్కువమంది మార్కు కోసం వస్తారు. వాళ్లకు నిబంధన సిలబస్‌లోనే ఉంది: అభ్యంతరాన్ని వారంలోగా రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పుడు పేపరంతా మళ్లీ చూస్తాం, మార్కులు తగ్గనూ వచ్చు. ఈ చివరి ముక్క చదివాక చాలామంది వెనుదిరుగుతారు. కొద్దిమంది మాత్రం నిజంగా తెలుసుకోవడానికి వస్తారు. నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి తన పేపరు నా ముందు పరిచి, "నా వాక్యమూ మీ వాక్యమూ ఒకే మాట ఎందుకు కాదో నాకు చెప్పండి, మార్కుల సంగతి తరువాత చూద్దాం" అంది. ఒక వ్యాధిని పట్టే పరీక్షను తీసుకుని, వ్యాధి ఉన్నవాళ్లలో ఎంతమందికి పాజిటివ్ వస్తుందన్నది వేరనీ, పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి వ్యాధి ఉంటుందన్నది వేరనీ చెబితే, తన వృత్తికి సంబంధించిన మాట కనుక వెంటనే అందుకుంది. మార్కు పెరగలేదు. మరుసటి సెమిస్టర్ నుంచి నేను పి-విలువ పాఠాన్ని ఆ ఉదాహరణతోనే మొదలుపెట్టాను.

ఒకరికి మార్కు పెంచితే అలాగే రాసిన అందరికీ పెంచాలి. ఎవరైనా విద్యార్థి వాదనలో పస ఉందనిపిస్తే, టీఏలమంతా మళ్లీ కలిసి, వందల పేపర్లనూ మళ్లీ తెరిచేవాళ్లం. సాయంత్రం పూట, బయట గడ్డకట్టిన మెండోటా సరస్సు మీద నుంచి గాలి కొడుతుంటే, ఒక్క మార్కు కోసం అంత శ్రమ అవసరమా అని మాలో మేం విసుక్కున్న రోజులూ ఉన్నాయి. కాని మార్కు వేసినవాడు రాసినవాడి ముఖం చూడవలసి రావడంలో ఒక క్రమశిక్షణ ఉంది. "నాకలా అనిపించింది" అని చెప్పి తప్పించుకోవడం కుదరదు.

ఈ వ్యవహారం చుట్టూ నియమాలు చాలానే అల్లుకుని ఉంటాయి. 1974 నాటి సమాఖ్య చట్టం ప్రకారం విద్యార్థి మార్కులు అతని సొంతం. పేర్లతో నోటీసు బోర్డులో పెట్టకూడదు, అతని అనుమతి లేకుండా తల్లిదండ్రులకు చెప్పే అధికారం నాకు లేదు. ఇది విన్నప్పుడు నాన్న, "ఫీజు కట్టిన తండ్రికి కూడా చెప్పరా?" అని చాలాసేపు ఆశ్చర్యపోయారు. వైకల్యం ఉన్న విద్యార్థులకు సాయపడే మెక్‌బర్నీ కేంద్రం నుంచి మాకు ముందుగానే పత్రం వస్తుంది. ఒకరికి ఒకటిన్నర రెట్ల సమయం, ఇంకొకరికి విడి గది. వైకల్యం ఏమిటని అడిగే పని మాకు లేదు, ఏర్పాటు చేయడమే మా పని. ఇక కాపీ వ్యవహారం విస్కాన్సిన్ రాష్ట్ర పరిపాలనా నియమావళిలోని 14వ అధ్యాయం పరిధిలోకి వస్తుంది. ఎవరి మీదైనా అనుమానం వస్తే బోధకుడు ముందు ఆ విద్యార్థిని పిలిచి అతని వివరణ వినాలి. వినకుండా శిక్ష వేయడానికి లేదు. శిక్ష వేస్తే దాని మీద విచారణ కోరే హక్కు అతనికి ఉంటుంది. టీఏగా నేను చేయగలిగింది రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టి ప్రొఫెసర్‌కు చూపించడమే. గ్రేడ్లలోనూ ఆ ఊరికో ప్రత్యేకత ఉంది: ఏ, బీల మధ్య ఏబీ, బీ, సీల మధ్య బీసీ అన్న మెట్లున్నాయి. ప్లస్సులూ మైనస్సులూ లేవు. సెమిస్టర్ ఆఖరి వారంలో బీకీ ఏబీకీ మధ్య చిక్కుకున్నవాళ్ల ఈమెయిళ్లు వరుసకట్టేవి.

సెమిస్టర్ చివర విద్యార్థులు మమ్మల్ని దిద్దేవారు. పేరు రాయనక్కర్లేని ఆ పత్రాల్లో నా గురించి ఎక్కువసార్లు కనబడిన మాట: బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడవద్దు, మా వైపు తిరిగాక మాట్లాడండి. గోడకు అటువైపు నుంచి వచ్చిన సలహా అది. పనికొచ్చింది.

ఇదంతా జీతానికి చేసే పని. ఆ జీతం వెనక కూడా కథ ఉంది. మాడిసన్ టీఏలు 1966లో సంఘం పెట్టుకున్నారు. అమెరికాలో పరిశోధక విద్యార్థుల ఉద్యోగ సంఘాల్లో అన్నిటికన్నా పాతది అదే. 1970లో 24 రోజులు సమ్మె చేసి విశ్వవిద్యాలయంతో మొదటి ఒప్పందం కుదుర్చుకున్నారు. 2011లో ప్రభుత్వోద్యోగులు సంఘంగా ఏర్పడి జీతాలూ షరతులూ మాట్లాడుకునే సామూహిక బేరసారాల హక్కును బాగా కుదించే చట్టం తెచ్చినప్పుడు, మాడిసన్‌లోని శాసనసభ భవనంలో రోజుల తరబడి బైఠాయించినవాళ్లలో ఈ టీఏలు ముందున్నారు. చట్టం ఆగలేదు. నేను చేరేనాటికి సంఘం ఉంది గాని ఒప్పందం లేదు. తొమ్మిది నెలల జీతంతో పన్నెండు నెలలు గడపడం ఎలాగో, వేసవిలో ఏ విభాగంలో గంటల లెక్కన పని దొరుకుతుందో సీనియర్లు చెప్పేది ఆ సంఘం సమావేశాల్లోనే.

ప్రభుత్వ విశ్వవిద్యాలయమంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది మాత్రం 2015 ఫిబ్రవరిలో. ఆ ఏడాది గవర్నర్ స్కాట్ వాకర్ ప్రతిపాదించిన బడ్జెట్ ముసాయిదాలో విశ్వవిద్యాలయ లక్ష్యాలను చెప్పే చట్ట వాక్యాల్లోంచి సత్యాన్వేషణ అన్న మాటను తీసేసి, రాష్ట్రానికి కావలసిన ఉద్యోగ శక్తిని తయారు చేయడమన్న మాటను చేర్చారు. గగ్గోలు పుట్టాక అది ముసాయిదా తయారీలో దొర్లిన పొరపాటంటూ వెనక్కి తీసుకున్నారు. కోత మాత్రం మిగిలింది: రెండేళ్లకుగాను రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి 25 కోట్ల డాలర్లు తగ్గించారు. ప్రొఫెసర్ల ఉద్యోగ భద్రతకు రాష్ట్ర చట్టంలో ఉన్న రక్షణను తొలగించి, ఆ సంగతిని పాలకమండలి నియమాలకు వదిలేశారు. రాష్ట్రంలోని విద్యార్థుల ఫీజు అప్పటికే 2013 నుంచి పెంచకుండా ఆపి ఉంది. నా చుట్టూ ఉన్న ప్రొఫెసర్లు కారిడార్లలో గుంపులుగా నిలబడి మాట్లాడుకోవడం, ఒకరిద్దరు మరో రాష్ట్రానికి ఇంటర్వ్యూలకు వెళ్లడం చూశాను. క్యాంపస్‌లోని బాస్కమ్ కొండ మీది భవనం ద్వారం పక్కన ఒక ఫలకం ఉంటుంది. రిచర్డ్ ఎలీ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు సమ్మెలను ప్రోత్సహించాడన్న ఆరోపణను 1894లో విచారించి కొట్టివేసిన పాలకమండలి, నిర్భయంగా జల్లెడ పట్టి తూర్పారబట్టితే గాని సత్యం దొరకదన్న అర్థంలో రాసిన వాక్యం దాని మీద ఉంది. ఆ వారమంతా విద్యార్థులు ఆ ఫలకం గురించే మాట్లాడుకున్నారు.

ఇక నా సొంత చదువు. మొదటి ఏడాది సిద్ధాంత కోర్సుల్లో క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం వచ్చినప్పుడు, చైనా నుంచి, కొరియా నుంచి వచ్చిన సహాధ్యాయులకు ఆ రావు, అంటే సి.ఆర్. రావు, మా తెలుగువాడేననీ, నేను ఎంఎస్సీ చేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఆయన గణితంలో ఎంఏ చేశాడనీ గర్వంగా చెప్పుకున్నాను. పీహెచ్‌డీలో కొనసాగడానికి రాయవలసిన క్వాలిఫయింగ్ పరీక్ష నాకేమీ చేదుగా లేదు. మన దగ్గర పోటీ పరీక్షలు రాసి వచ్చినవాళ్లకు గడియారం ముందు లెక్కలు చేయడం కొత్త కాదు. కొత్తగా అనిపించింది ఇంకొకటి. ఆ విభాగాన్ని 1960లో స్థాపించిన జార్జ్ బాక్స్ సోమవారం రాత్రుళ్లు తన ఇంట్లో సమావేశాలు పెట్టేవాడట. వేరే విభాగాలవాళ్లు తమ డేటాను తెచ్చి అందరి ముందూ పరిస్తే, విద్యార్థులూ ఆచార్యులూ బీరు తాగుతూ దాన్ని చర్చించేవారట. నేను వెళ్లడానికి ఏడాది ముందే, 2013లో ఆయన పోయాడు గాని, అవతలివాడి సమస్యను అందరి ముందూ విప్పి చూసే అలవాటు విభాగంలో మిగిలింది.

మూడో ఏడాది నుంచి నేను టీఏ పని వదిలి, వ్యవసాయ కళాశాలలోని పాడి పరిశోధకులకు సాయపడే రీసెర్చ్ అసిస్టెంట్‌నయ్యాను. ఇది సరిగ్గా ఆ చోటుకు తగిన పని. పాలలో వెన్న శాతాన్ని చవకగా, నమ్మకంగా కొలిచే పరీక్షను స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో ఆ విశ్వవిద్యాలయంలోనే రూపొందించాడు. నీళ్లు కలిపిన పాలకూ చిక్కటి పాలకూ ఒకే ధర కట్టే రోజులు దానితో పోయాయి. మన ఊళ్లలో పాలకేంద్రం దగ్గర ఫ్యాట్ ఎంత వచ్చిందని అడిగే రైతుకు ఆ పరీక్ష విలువ వేరే చెప్పనక్కర్లేదు. నా దగ్గరికి వచ్చే పరిశోధక విద్యార్థులు చాలావరకు ఒకే రకమైన డేటా తెచ్చేవారు. పదహారు ఆవులు, రెండు రకాల మేత, డెబ్బై రోజుల పాల దిగుబడి, మొత్తం 1,120 కొలతలు. ఇన్ని కొలతలున్నాయి కనుక ఫలితం గట్టిదేనని వాళ్ల ధీమా. కాని ఒకే ఆవు పాలను డెబ్బైసార్లు కొలిచినంత మాత్రాన డెబ్బై ఆవులు కావు. మేత మార్చింది ఆవుకు గాని రోజుకు కాదు, కనుక మన దగ్గర నిజంగా ఉన్నవి పదహారే. ఆవులను కొట్టాల వారీగా కట్టి కొట్టానికంతటికీ ఒకే మేత పెట్టి ఉంటే అవి పదహారు కూడా కావు. ఈ మాట ఏడాది పాటు పేడలో నిలబడి కొలతలు తీసిన మనిషితో చెప్పడం తేలిక కాదు. పేపరు తిరిగిచ్చినప్పటి అలవాటే అక్కడ ఆదుకుంది. తప్పెక్కడుందో చూపించాలి, ఎందుకో చెప్పాలి, ఉన్న కొలతలతో ఏమి చెప్పవచ్చో కూడా చెప్పాలి.

నా సిద్ధాంత వ్యాసం ఆ చిక్కులోంచే పుట్టింది: ఆవులు తక్కువగా ఉండి, ఒక్కో ఆవుకు కొలతలు ఎక్కువగా ఉన్నప్పుడు అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ప్రశ్న. జవాబును పరీక్షించడానికి లక్షల కొద్దీ కృత్రిమ డేటాలను కంప్యూటర్‌లో పుట్టించాల్సి వచ్చింది. నా ల్యాప్‌టాప్ మీద నెలలు పట్టే పని అది. 1988 నుంచి ఆ విశ్వవిద్యాలయంలోనే అభివృద్ధి చేస్తూ వచ్చిన కాండర్ అనే వ్యవస్థ, క్యాంపస్‌లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లను వెతికి పనిని ముక్కలుగా పంచుతుంది. రాత్రి పని అప్పగించి పడుకుంటే ఎక్కడెక్కడి యంత్రాలో నా కోసం లెక్కలు చేసేవి, దానికి నేను పైసా కట్టలేదు. చిన్న చోట దొరకనివి ఇలాంటివే.

మెమోరియల్ లైబ్రరీ అలాంటి ఇంకో చోటు. పరిశోధన విసుగెత్తిన సాయంత్రాల్లో నేను అక్కడి తెలుగు అరల మధ్య తిరిగేవాడిని. మాడిసన్‌లో దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. వెల్చేరు నారాయణరావు పాఠాలు చెప్పినది అక్కడే. అమెరికా నుంచి మన దేశం తెచ్చుకున్న గోధుమలకు రూపాయల్లో చెల్లించిన సొమ్ములో కొంత భాగంతో 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపిన పీఎల్-480 పథకంలో మాడిసన్ కూడా ఉంది. మా జిల్లాలో ఎక్కడా దొరకని పాత తెలుగు నవలలను నేను ఆ మంచు దేశంలో చదివాను.

పరిశోధనకు అర్హత తేల్చే ప్రిలిమ్ పరీక్ష దాటాక డిసర్టేటర్ అన్న హోదా వస్తుంది. కోర్సుల భారం పోతుంది, ఫీజు తగ్గుతుంది, గడువు మాత్రం పరిగెత్తుతుంది. చివరి మౌఖిక పరీక్షకు కమిటీలో కనీసం నలుగురుండాలి, వారిలో ఒకరు మన రంగానికి బయటివారై ఉండాలి. నా కమిటీలోని పాడి శాస్త్రవేత్త అలా వచ్చినవారే. మిగతా ముగ్గురూ నిరూపణల్లోని మెట్లను ఒక్కొక్కటిగా కదిపి చూస్తే, ఆయన ఒకే ప్రశ్న వేశారు: "పదహారు ఆవులు చాలవంటున్నావు. నా దగ్గర డబ్బు పదహారింటికే ఉంది. నన్నేం చేయమంటావు?" నేను బోర్డు దగ్గరికి వెళ్లి, అవే పదహారు ఆవులకు వంతులవారీగా రెండు మేతలూ పెట్టి, ప్రతి ఆవునూ దానితో దాన్నే పోల్చే పద్ధతి గీసి చూపించాను. మేత మార్చిన తొలి రోజుల ప్రభావం మిగిలిపోదా అని ఆయన మళ్లీ అడిగారు. మధ్యలో విరామం ఎన్నాళ్లుండాలన్న దాని మీద ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. వారంట్ అని పిలిచే పత్రం మీద నలుగురూ సంతకాలు పెట్టిన తరువాత కూడా ఆయన కారిడార్‌లో నన్ను ఆపి, ఆ విరామం సంగతే మాట్లాడారు.

ఇప్పుడు నేను మరో రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అదే ప్రాథమిక కోర్సు చెబుతున్నాను. నా కింద టీఏలున్నారు. దిద్దే పద్ధతిలో నేను రెండు ఊళ్ల అలవాట్లనూ కలిపాను. దిద్దేటప్పుడు పేర్లు కనబడకుండా గ్రేడ్‌స్కోప్‌లోనే మూసేయిస్తాను, అంతవరకు నాన్న మాటే చెల్లుతుంది. మార్కులు తేలాక పేర్లు తెరిచి, ఏ టీఏ ఏ ప్రశ్న దిద్దాడో విద్యార్థులకు చెబుతాను. ఆ ప్రశ్న గురించి అడగవలసింది అతన్నే. దీనివల్ల తమ ఆఫీస్ అవర్స్ రెట్టింపవుతున్నాయని టీఏలు పోయిన ఏడాది ఫిర్యాదు చేశారు. వాళ్లకూ వారానికి 20 గంటలే కనుక, ఆ మాట న్యాయమైనదే. మిడ్‌టర్మ్‌లో ప్రశ్నల సంఖ్య తగ్గించాను, వాక్యంలో జవాబు రాయవలసిన ప్రశ్నలను మాత్రం అలాగే ఉంచాను.